విమానమా, పైలటా? స్పానర్ సంగతి ఎవరూ అడగరేం!

"యుద్ధంలో ఆకాశం మన చేతిలో ఉండాలంటే మంచి ఫైటర్ విమానాలు ముఖ్యమా, పైలట్ల శిక్షణ ముఖ్యమా?" అని ఒక తమ్ముడు అడిగాడు.

ముందే చెప్పేస్తున్నా, నేను పైలట్‌ని కాను. వాయుసేన విమానంలో నేను ఎగిరింది కూడా రెండు మూడు సార్లే, అదీ రవాణా విమానంలో పెట్టెల మధ్య ఇరుక్కుని. కానీ 1984 నుంచి 2004 దాకా ఇంజన్ ఫిట్టర్‌గా చేశాను. అందులో ఎక్కువ కాలం మిగ్-21 ఫైటర్ల దగ్గరే. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు పైలట్ల కన్నా నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం. వాళ్లు విమానంతో రోజుకి ఓ గంట గడుపుతారు. మిగతా ఇరవై మూడు గంటలూ అది మా నెత్తి మీదే ఉంటుంది.

ఒక్క ముక్కలో చెప్పమంటే శిక్షణే ముఖ్యం. అయితే శిక్షణ అనగానే నల్ల కళ్లద్దాలు, హెల్మెట్ చంకలో పెట్టుకున్న కుర్రాడు గుర్తొస్తున్నాడు కదా మీకు? అక్కడే నాకు పేచీ.

మాది కోరాపుట్ జిల్లా సునాబెడ. "ఒరిస్సాలో తెలుగువాళ్లా?" అని హైదరాబాద్ వాళ్లు ఇప్పటికీ నోరెళ్లబెడతారు. అయ్యా, 1936 దాకా కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. సాలూరులో బస్సెక్కి ఘాట్ ఎక్కితే రెండు గంటల్లో మా ఊరు. ఇక్కడ తెలుగులో మాట్లాడితే ఆంధ్రావాళ్లంటారు, అక్కడికెళ్లి మాట్లాడితే ఒరియావాళ్లంటారు. సరే, ఆ గోల ఇప్పుడొద్దు. 1960లలో సోవియట్ సాయంతో మన దేశంలో మిగ్-21 తయారీ మొదలుపెట్టినప్పుడు పని మూడు చోట్ల పంచారు. విమానం ఒళ్లు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజన్ మా సునాబెడలో. మా నాన్న సాలూరు నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీలో చేరాడు. వాయుసేనలో ఈ మాట చెబితే తోటివాళ్లు ఇంజన్ మీద చెయ్యి వేసి "అయితే ఇది మీ నాన్న చేసిందే" అనేవాళ్లు. నేను అవుననీ కాదనీ అనేవాణ్ని కాదు. నాన్న చేసింది ఇంజన్ చేసేవాళ్లకి ఉప్మా. క్యాంటీన్‌లో వంటమనిషి ఆయన.

మా చిన్నప్పుడు టెస్ట్ బెడ్ మీద ఇంజన్ నడిపితే కొండలు ఆ చప్పుడుని అటూ ఇటూ విసిరేసుకునేవి. క్లాసులో మాస్టారు పాఠం ఆపి, అది ఆగేదాకా చాక్‌పీసు పట్టుకుని నిలబడేవారు. మాకు పండగ.

ఇప్పుడు టీవీలో నిపుణులమని కూర్చునేవాళ్లు రాఫెల్ పక్కన ఎఫ్-16 బొమ్మ పెట్టి వేగం ఎంత, క్షిపణులెన్ని అని పట్టిక వేస్తారు. ఫోన్ కొనేటప్పుడు కెమెరా, బ్యాటరీ చూసుకున్నట్టు. వెనకాల డప్పుల మోత ఒకటి. విమానాలు ఎక్కువ చేసినంత మాత్రాన ఆకాశం నిలిచేదైతే 1944లో జర్మనీకి నిలవాలి. ఆ ఒక్క ఏడాదిలో వాళ్లు దాదాపు 40 వేల విమానాలు చేశారు. ఫ్యాక్టరీల మీద బాంబులు పడుతున్నా అంతకు ముందు ఏ ఏడాదీ చెయ్యనన్ని చేశారు. ఆకాశం మాత్రం సరిగ్గా ఆ ఏడాదే పూర్తిగా చేజారింది. మే నెల నుంచి అమెరికా బాంబర్లు, ఆ వెనకే బ్రిటన్‌వి, వాళ్ల కృత్రిమ పెట్రోలు ఫ్యాక్టరీల మీద పడ్డాయి. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది వస్తే ముందు పిల్లల ట్యూషన్ మాన్పిస్తాం చూడండి, అలాగే పెట్రోలు తగ్గితే ముందు కోత పడేది ట్రైనింగుకే. అప్పటికే తగ్గిన గంటలు ఇంకా తగ్గాయి. కొత్త విమానం, కొత్త కుర్రాడు, ఎదురుగా తనకన్నా ఎన్నో రెట్లు గంటలు ఎగిరినవాడు. ఇంకేం పోరాడతాడు?

జపాన్ కథా అంతే. యుద్ధానికి ముందు వాళ్ల నౌకాదళం పైలట్లని ఎంత వడపోసి తీసుకునేదంటే, ఉన్నవాళ్లు పోతే ఆ ఖాళీ నింపే దారే లేకపోయింది. పాతకాపులు పోయాక, 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధానికి అరకొర శిక్షణ కుర్రాళ్లని పంపారు. అమెరికన్లు ఆ రోజుకి టర్కీ కోళ్ల వేట అని పేరు పెట్టుకున్నారు. అదే జపాన్ జీరో ఫైటర్ 1941లో ప్రపంచాన్ని వణికించిందే మరి.

ఆ అమెరికన్లకే ఇరవై ఏళ్ల తర్వాత వియత్నాంలో జ్ఞానోదయమైంది. చేతిలో ఫాంటమ్ లాంటి విమానం, క్షిపణులు, రాడార్ అన్నీ ఉన్నాయి. అయినా తమది ఒకటి పోతే ఎదుటివాళ్లవి రెండో మూడో కూల్చడమే గగనమైపోయింది. 1969లో వాళ్ల నౌకాదళం మిరమార్‌లో ఒక స్కూలు పెట్టి, గాలిలో కొట్లాడడం మళ్లీ అఆల నుంచి నేర్పింది. 1972కల్లా ఆ నౌకాదళం లెక్క ఒకటికి సుమారు 12 అయింది. విమానం మాత్రం అదే ఫాంటమ్.

మా వైపు ఇది వేరే చెప్పక్కర్లేదు. సుంకి ఘాట్‌లో కొత్త లారీ కొత్త డ్రైవర్ చేతికిచ్చి పంపే ఓనరు ఎవడూ లేడు. పాత డొక్కు లారీని పాత డ్రైవర్ రాత్రి వానలో కూడా దింపుకొస్తాడు.

ఇంతవరకు పుస్తకాల్లో అందరూ రాసేదే. ఇక నాకు తెలిసింది చెబుతా.

శిక్షణ అంటే గంటలు. పైలట్ ఎన్ని గంటలు ఎగిరాడన్నదే అసలు లెక్క. మిగ్-21 ఇంజన్ కొన్ని వందల గంటలు నడిస్తే విప్పి ఓవర్‌హాల్‌కి పంపాలి. అంటే కుర్రాడు నేర్చుకునే ప్రతి గంటా ఇంజన్ ఆయుష్షులోంచి తీసిందే. ఇంజన్ రాకపోతే విమానం లేవదు, విమానం లేవకపోతే పైలట్ నేలమీద కూర్చుని క్యారమ్స్ ఆడతాడు. 1991లో సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక విడిభాగాలకి పడ్డ అగచాట్లు మేం కళ్లారా చూశాం. నిలబడిపోయిన విమానంలోంచి ఒక భాగం పీకి ఇంకోదానికి పెట్టేవాళ్లం. పప్పులో ఉప్పు లేదని పక్కింటికి వెళ్లినట్టు.

ఇక ఆ రాత్రి సంగతి.

1991 జనవరి. ఉత్తరాదిలో ఒక స్టేషన్, పేరెందుకులెండి. నేను అప్పుడు కార్పొరల్‌ని. పది రోజులుగా పొగమంచు, ఒక్క విమానమూ లేవలేదు. మర్నాటి నుంచి పెద్ద ఎక్సర్‌సైజ్. ఏ స్క్వాడ్రన్ ఎన్ని విమానాలు లేపితే దానికి అంత పేరు. సరిగ్గా ఆ సాయంత్రమే ఒక విమానం ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రజను కనిపించింది. లోపల ఏదో అరుగుతోందన్నమాట. ఇంజన్ మార్చాల్సిందే.

మిగ్-21కి ఇంజన్ మార్చాలంటే విమానాన్ని నడుం దగ్గర రెండు ముక్కలు చేయాలి. తోక భాగం మొత్తం విప్పి ట్రాలీ మీద వెనక్కి లాగితే గానీ ఇంజన్ బయటికి రాదు. కొత్తది లోపలికి తోసి, పైపులూ వైర్లూ కలిపి, మళ్లీ తోక తగిలించాలి. చలి ఎంతంటే గ్లవ్స్ వేసుకుంటే నట్టు చేతికి చిక్కదు, తీసేస్తే ఇనుము వేళ్లని పట్టుకుని వదలదు. సునాబెడలో పుట్టినవాణ్ని, చలి నాకు కొత్త కాదని గొప్పలు పోయేవాణ్ని. ఆ రాత్రి నోరు మూసుకున్నా.

రెండింటికి తోక కలిపాం. టీ వచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకుని టూల్ బోర్డు దగ్గరికి వెళ్లాను. ఆ బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే రంగు వేసి ఉంటుంది. తీసుకున్నవాడు అక్కడ తన ఇత్తడి బిళ్ల తగిలించాలి. అన్నీ వచ్చేశాయి, ఒక్క చోటు మాత్రం ఖాళీ. పది మిల్లీమీటర్ల రింగ్ స్పానర్. దాని చోట వేలాడుతున్న బిళ్ల నాదే.

ఆ స్పానర్ బరువు ఒక కోడిగుడ్డంత ఉంటుందేమో. కానీ అది ఇంజన్ ముందు భాగంలో ఎక్కడైనా ఉండిపోతే, ఇంజన్ పీల్చుకున్న క్షణంలో కంప్రెసర్ బ్లేడ్లు వరసగా విరుగుతాయి. కంట్రోల్ రాడ్ల మధ్య ఇరుక్కుంటే గాలిలో పైలట్ విమానాన్ని తిప్పే కర్ర కదలదు. మిగ్-21కి ఉన్నది ఒక్కటే ఇంజన్. అది ఆగితే రెండోది లేదు.

హేంగర్ అంతా టార్చిలు పట్టుకుని వెతికాం. ట్రాలీ కింద, పాత ఇంజన్ కింద, చెత్తడబ్బాలో, టీ కెటిల్‌లో కూడా. లేదు. మా వారెంట్ ఆఫీసర్ గారు మదురై వైపు మనిషి, గొంతు పెంచడం ఆయనకి తెలీదు. వాచీ చూసుకుని "మళ్లీ విప్పండి" అన్నారు. అంతే. ఎనిమిది మంది నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు కనబడుతుంది.

అయిదింటికి ఫ్లయింగ్ ఆఫీసర్ వచ్చాడు. ఆ విమానంలో పొద్దున ఎగరాల్సింది అతనే. ఇరవై మూడేళ్ల పిల్లాడు, పది రోజులుగా ఎగరక ముఖం ఎండిపోయి ఉంది. విషయం విని "ఒక్క స్పానర్ కోసం విమానం ఆపేస్తారా?" అన్నాడు హిందీలో. వారెంట్ ఆఫీసర్ గారు ఫారం 700 తెరిచి అతని ముందు పెట్టారు. విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని మేమూ, తీసుకున్నానని పైలటూ సంతకం పెట్టే పుస్తకం అది. "సార్, స్పానర్ లోపల లేదని మీరు రాసి సంతకం పెట్టండి, తోక ఇప్పుడే బిగిస్తాం" అన్నారు. కుర్రాడు పుస్తకం వైపు చూశాడు, పెన్ను తియ్యలేదు. వెళ్లి ఒక డ్రమ్ము మీద కూర్చున్నాడు.

ఏడున్నరకి, లోపల అంగుళం అంగుళం చూసి రెండోసారి తోక కలుపుతుండగా, నేను వంగితే కోటు అంచు టక్‌మని మోకాలికి కొట్టుకుంది. గుండె ఆగినంత పనైంది. జేబు లోపల చిరిగిపోయి, స్పానర్ లోపలి గుడ్డలోకి జారి, రాత్రంతా నా ఒంటి మీదే తిరుగుతోంది.

ఎవరూ చూడలేదు. ట్రాలీ చక్రం దగ్గర దొరికిందంటే సరిపోయేది. నిజం ఎందుకు చెప్పానో నాకే తెలీదు, బహుశా చలికి బుర్ర పనిచెయ్యలేదు. మూడు నెలలు టూల్ రూమ్‌లో రిజిస్టర్ రాయించారు. ప్రమోషన్ కోర్సు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ కాగితం మీద ఎవరు ఏం రాశారో ఈనాటికీ నాకు చూపించలేదు. పింఛను లెక్కలో కూడా ఆ ఏడాది కొరత తగులుతూనే ఉంది. దాని గురించి అర్జీ పెట్టిన కథ ఇంకోసారి చెబుతా.

ఆ ఫ్లయింగ్ ఆఫీసర్ మాత్రం నా దగ్గరికి వచ్చి "నా ఇంజన్‌లో లేదు కదా? చాలు" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రాలు హేంగర్‌కి రావడం మొదలుపెట్టాడు. ఏ పైపు ఎక్కడికి పోతుంది, ఏది వదులైతే ఏ మీటర్ ముల్లు కదులుతుంది అని అడిగేవాడు. నా వచ్చీరాని హిందీకి నవ్వేవాడు కాదు. రెండు నెలలు గడిచాక ఒక రోజు దిగి, "థ్రాటిల్ ముందుకి తోసినప్పుడు కాళ్ల కింద సన్నటి అదురు, మీటర్లో ఏమీ లేదు" అన్నాడు. బోరోస్కోప్, అంటే ఇంజన్ లోపలికి దూర్చి చూసే సన్నటి గొట్టం, పెట్టి చూస్తే ఒక బ్లేడు అంచున గోరంత నొక్కు. రన్‌వే మీది రాయి ఏదో లోపలికి పోయి ఉంటుంది. ఇంకో నాలుగు గంటలు ఎగిరి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను. అంతకు ముందు అతనికి ఆ అదురు తెలిసేది కాదని మాత్రం పందెం కాస్తాను.

పైలట్ ట్రైనింగ్ అంటే నా దృష్టిలో ఇందులో సగం ఉంది. మిగతా సగం గాలిలో ఉంటుంది, ఆ సంగతి గాలిలో ఉన్నవాళ్లు చెబుతారు.

నమ్మకపోతే 1967 జూన్ 5 తీసుకోండి. ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్టు విమానాలని ఎక్కువగా నేలమీదే తగలబెట్టాయి. అందరూ పైలట్లని పొగుడుతారు. దిగిన విమానానికి పెట్రోలు, బాంబులు పట్టించి పది నిమిషాల లోపే మళ్లీ లేపిన నేలమీది వాళ్ల పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం. వంద విమానాలు రోజుకి నాలుగు సార్లు లేస్తే నాలుగు వందల విమానాలతో సమానం. 1971 డిసెంబరులో మనవాళ్లు ఢాకా తేజ్‌గావ్ రన్‌వేని మిగ్-21లతో గుంతలు చేశారు. పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు అక్కడే ఉన్నాయి, పైలట్లూ ఉన్నారు. లేవడానికి నేలే లేదు. తూర్పు ఆకాశం కొద్ది రోజుల్లోనే మన సొంతమైంది.

చిన్న నాట్ విమానం సేబర్లని కొట్టిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. 1965 సెప్టెంబరు 3న ట్రెవర్ కీలర్ కూల్చినదే మన లెక్కలో తొలి సేబర్. ఆ నాట్ తుపాకులు మాటిమాటికీ జామ్ అయ్యేవని, వాటితో తంటాలు పడ్డ మెకానిక్కులు ఎంతమందో ఎవరైనా చెబుతారా?

ఇక పైలట్ల వైపు నుంచి నా కడుపుమంట ఒకటి. మిగ్-21 దిగేటప్పుడు గంటకి దాదాపు 340 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదికి వస్తుంది. నెమ్మదైన ట్రైనర్ మీద నేర్చుకున్న కుర్రాళ్లని దాదాపు నేరుగా దీని మీదికి ఎక్కించేవాళ్లు. మధ్యలో ఒక మెట్టు కావాలి, అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కొనండి అని 1982లోనే, ఫైటర్ల ప్రమాదాల మీద వేసిన లా ఫోంటేన్ కమిటీ చెప్పింది. ఆ మెట్టుగా ఎంచుకున్న హాక్ విమానాల ఒప్పందం మీద సంతకాలు పడింది 2004లో. బీదర్‌లో అవి సేనలో చేరింది 2008లో. ఇరవై ఆరేళ్లు! ఈలోగా ఎంతమంది పోయారో, "ఎగిరే శవపేటిక" అని విమానాన్ని తిట్టారు. మెట్లు కట్టకుండా మేడ ఎక్కించి, పడితే మేడని తిట్టినట్టుంది. మిగ్-21 మంచి విమానం. నా ముందు దాన్ని తిడితే ఊరుకోను.

మా బావగారు బరంపురంలో ఉంటారు. పక్కనే గోపాల్‌పూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీలో చేసి రిటైరయ్యారు, అంటే విమానాల్ని కూల్చే జాతి. పండక్కి కలిస్తే మా చెల్లెలు అరిసెలు పెడుతుంది, ఆయన చురకలు పెడతారు. "బావగారూ, మీ విమానాలూ పైలట్లూ అంతా పాత సినిమా. ఉక్రెయిన్‌లో చూశారా? 2022 నుంచి రష్యా అన్ని విమానాలు పెట్టుకుని కూడా ఆకాశం చేజిక్కించుకోలేకపోయింది. కింద నుంచి క్షిపణి వస్తోందంటే ఎంత ట్రైనింగ్ ఉన్నవాడైనా తోక ముడుస్తాడు" అంటారు. సగం ఒప్పుకుంటాను, ఆయన ముందు మాత్రం కాదు. అయినా క్షిపణుల్ని వెతికి పట్టుకుని కొట్టడం కూడా ఒక చదువే, దానికీ గంటలు కావాలి, గంటలకి ఇంజన్లు కావాలి. తిరిగి తిరిగి మా సునాబెడకే వస్తాం. 2024 సెప్టెంబరులో సుఖోయ్-30ల కోసం 240 ఇంజన్లకి 26 వేల కోట్ల పైచిలుకు ఒప్పందం మా ఊరి ఫ్యాక్టరీతోనే కుదిరింది. ఆ వార్త చూసి మా వీధిలో తెలుగూ ఒరియా తేడా లేకుండా స్వీట్లు పంచుకున్నాం. టీవీలో మాత్రం ఆ రోజు కూడా రాఫెల్ బొమ్మే.

కాబట్టి తమ్ముడూ, పరీక్షలో ఈ ప్రశ్న వస్తే శిక్షణ అని రాసెయ్, మార్కులొస్తాయి. వాయుసేనలో చేరాలని ఉండి, పైలట్‌గా ఎంపిక కాకపోతే, టెక్నికల్ వైపు రా. వచ్చేముందు కోటు జేబులు కుట్టించుకో.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. చివరి విమానం దిగి ఇంజన్ ఆపాక, మా ఆవిడ ఏదో అడుగుతోంది, నేను పలకలేదు. అప్పుడే బరంపురం నుంచి ఫోను.

"బావగారూ, చూశారా? ఇంతకీ స్పానర్లన్నీ లెక్క తేలాయా?"

"తేలాయి బావగారూ," అన్నాను. "అన్నీ బోర్డు మీదే ఉన్నాయి."